పూలజడకు గంటల లెక్క

(లక్ష్మీ నగర్‌లో జరిగిన తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి నన్ను ఆహ్వానించిన మిత్రులు సంస్థాగత విషయాలను గూర్చి మాట్లాడవలసిందిగా కోరినారు. కరువుభత్యం, పెన్షను, ఖాళీల భర్తీ మనకు నిత్యపారాయణం వంటివి. నిరుడు ఇదే హాలులో వాటిపై గంటన్నర మాట్లాడినాను. వెనుక వరుసలో కొందరు కునుకు తీసినారన్న సంగతి కూడా నాకు తెలుసు. వారిని నేను తప్పుపట్టను, రాత్రి డ్యూటీ దిగి వచ్చినవారు. ఈనాడు మాత్రం వేరే విషయం తీసుకొన్నాను. ఈ బల్లమీద ఉన్న వస్తువును మీరందరూ ఇప్పటికే చూచి ఉంటారు. ఇది పూలజడ. గుడ్డ మల్లెమొగ్గలతో, నడుమ కనకాంబరపు రంగు చారతో, కింద జరీ కుప్పెలతో కుట్టినది. నాట్యం చేసే ఆడపిల్ల తలకు పెట్టుకొనేది. దీనిని కుట్టిన చేతులు మన వీధిలోనివే. అయినా ఇది నాట్యవేదిక మీదికి పోలేదు. బాగాలేదని తిప్పి పంపబడినది. ఎందుకు తిప్పి పంపినారో తరువాత మనవి చేస్తాను.

ముందుగా నా తప్పు నేను ఒప్పుకోవలెను. నేను 1993లో రైల్వే మెయిల్ సర్వీసులో సార్టరుగా చేరినాను. అప్పటినుంచి పని గంటలు, అదనపు గంటలు, వారపు సెలవు అన్న మాటలు పలకకుండా నా నోట ఒక రోజు గడవలేదు. అటువంటి నా ఇంటిలో, నా కళ్ళ ఎదుట, నా భార్య పన్నెండేళ్ళుగా జడలు కుడుతున్నది. ఎవరైనా అడిగితే "ఏదో కాలక్షేపం" అని చెప్పేవాడిని. ఒకనాటి రాత్రి పదకొండు గంటలకు లైటు ఆర్పమని విసుక్కొన్నాను. ఆమె సూది దించకుండానే, "ఏమండీ, దేశంలో అందరి గంటలూ మీరు లెక్కపెడతారు గదా, ఇవి ఎవరు లెక్కపెడతారు?" అన్నది. నావద్ద సమాధానం లేదు. నేటి ఈ ప్రసంగం ఆ ప్రశ్నకు ఆలస్యంగా వెతికిన జవాబు.

ఈ పని ఏమిటో ముందు తెలిసికొందాం. మగవారిలో చాలామందికి జడ తయారైన తరువాతనే కనబడుతుంది.

మన తెలుగునాట పెండ్లికూతురికి, పేరంటాలలో చిన్నపిల్లలకు వేసే పూలజడ పచ్చిపూలది. వేసవిలో మల్లెమొగ్గలు దొరికే రోజులలో ప్రతి ఇంటిలోను ఆడపిల్లకు ఒకసారైనా పూలజడ వేసి, అద్దం ముందు వెనుదిరిగి నిలబెట్టి ఫోటో తీయించేవారు. ఇక్కడ కూర్చున్న అక్కచెల్లెళ్ళలో సగం మందికి అటువంటి ఫోటో పుట్టింటి గోడమీద ఉండి ఉంటుంది. ఆ జడకు విచ్చిన పువ్వు పనికిరాదు, మొగ్గయే కావలెను. మల్లెమొగ్గను తెల్లవారుజామున కోస్తారు, సాయంకాలానికి విచ్చుకొంటుంది. కాబట్టి జడ కుట్టేవారికి ప్రకృతియే కాలపరిమితి విధించినది. పొద్దున్నే మొగ్గలను తడిగుడ్డపై పరచి, లావు సన్నం ఏరి, కాడ విరగనివాటిని వేరుచేసి, మధ్యాహ్నం లోపల కుట్టు ముగించవలెను. ఆలస్యమైతే చేతిలోనే విచ్చుకొంటవి, వరుస చెదరిపోతుంది. మెయిలు వేళ తప్పితే సంచి ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయినట్లే.

అడుగున పూర్వం అరటిపట్టను జడ ఆకారంలో కోసి వాడేవారు. దానిలోని తడి పూలను వాడనీయదు, సూదికి మెత్తగా లొంగుతుంది. తరువాత గోనెగుడ్డ వచ్చినది, ఆ పైన అట్ట, దర్జీలు కాలరులో పెట్టే బక్రం గుడ్డ వచ్చినవి. దానిపై మొగ్గలను వరుసలుగా, తలలు వెలుపలికి, ఒక వరుస కుడికి వాలితే మరొకటి ఎడమకు వాలేటట్లు కుడతారు. నడుమ వెన్నెముకవలె కనకాంబరం. అక్కడక్కడ మరువం, దవనం. పైన రాగిడి, దాని కింద బిళ్ళలు, చివర జడకుప్పెలు. కొందరు మొగ్గలను సన్నని ఈనెపుల్లలకు గుచ్చి ఆ పుల్లలను అమర్చేవారు. మా అమ్మమ్మది ఆ పద్ధతియే. దారం కుట్టు కంటె పుల్ల అమరిక గట్టిదని వాదించేది. ఆ వాదం ఇంతవరకు ఎవరూ తేల్చలేదు.

ఉత్తరాదికి వచ్చిన కొత్తలో నేను గమనించిన తేడా ఒకటి ఉన్నది. ఇక్కడ గజరా అంటే మొగ్గల కాడలలోనుంచి సూది దూర్చి దారానికి గుచ్చుతారు. మన దేశంలో దండను కడతారు. రెండేసి మొగ్గలను ఎదురెదురుగా పెట్టి, అరటినారతోనో దారంతోనో ముడివేస్తూ పోతారు. గుచ్చిన దండ తెగితే అన్నీ రాలుతవి, కట్టిన దండ తెగితే ఆ ఒక్కచోటే రాలుతుంది. మన అక్కచెల్లెళ్ళు ఘాజీపూర్ పూల మండీకి పోయి మొగ్గలు కొంటారే గాని గజరా కొనకపోవుటకు కారణం ఇదే. ఇది గొప్పలు చెప్పుకొనుట కాదు, చేతికి అలవడిన విద్యను గూర్చిన మాట.

మరి గుడ్డపూల జడ ఎందుకు వచ్చినది? రైల్వేవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. విజయవాడలో తెల్లవారుజామున జి.టి. ఎక్స్‌ప్రెస్సు ఎక్కించిన మొగ్గల బుట్ట ఢిల్లీ చేరడానికి ఒక పగలు, ఒక రాత్రికి పైగా పడుతుంది. ఎంత తడిగుడ్డ కప్పినా నాగపూరు దాటేసరికి పువ్వులవుతవి. విమానంలో మంచుపెట్టెలో రావచ్చును, ఆ ధర మన పెండ్లిండ్లలో అందరికీ అందదు. చలికాలంలో ఇక్కడ మల్లె పూయదు. పెండ్లిండ్లు, పాఠశాలల వార్షికోత్సవాలు ఎక్కువగా వచ్చేది ఆ చలికాలంలోనే. నాట్యానికి మరొక ఇబ్బంది ఉన్నది. దీపాల వేడికి పచ్చిపూలు కమిలిపోతవి, తిరుగుడుకు రాలుతవి, రాలిన రేకుమీద కాలు జారుతుంది. తడి బరువు మెడను లాగుతుంది. అందుచేత నర్తకి తేలికైన, విడిపోని, మరల మరల వాడదగిన జడను కోరుకొన్నది. దానిని ఒడ్డాణం కింద నొక్కి బిగిస్తారు, లేకుంటే గిరికీ కొట్టినప్పుడు పక్కనున్న పిల్ల ముఖాన తగులుతుంది.

నాట్యంలో జడ సంగతి వచ్చినప్పుడు కూచిపూడిని తలచకుండా ఉండలేము. భామాకలాపంలో సత్యభామ ప్రవేశానికి ముందు తెర మీదుగా ఆమె జడను బయటకు వేసే సంప్రదాయం ఉన్నది. అది ప్రేక్షకులలోని విద్వాంసులకు సవాలు. అభినయంలో, శాస్త్రంలో నన్ను ఓడించగలవారు ఎవరైనా ఉంటే ముందుకు రండి, ఓడిపోతే ఈ జడ కోసి ఇస్తానని దాని భావం. ఆ జడపై సూర్యచంద్రులను, ఇరువదియేడు నక్షత్రాలను, నాగును నిలిపి దానికి అర్థాలు చెబుతారు. ఇక్కడ మనం మరచిపోయే విషయం ఒకటి ఉన్నది. ఆ ప్రదర్శనలలో తరతరాలుగా స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. వేదాంతం సత్యనారాయణశర్మగారు 2012లో కీర్తిశేషులైనారు. సత్యభామగా ఆయనను చూచినవారు ఈ సభలో కూడా ఉండవచ్చును. పురుషుని తలకు ఆ జడ సహజంగా వచ్చినది కాదు. సవరం పెట్టి, అల్లి, కుట్టి, బిగించి తయారు చేసిన వస్తువు. అనగా మన నాట్యంలో జడ మొదటినుంచీ పనివారి చేతిలో పుట్టిన వస్తువే. పాతకాలపు నాట్యాభరణాలను తేలికైన బూరుగు కర్రతో చెక్కేవారు. సవాలు విసిరినది నటుడు. దానిని గెలిచినా ఓడినా జడ కుట్టినవారి పేరు మనకు చేరలేదు.

ఇది మనకు మాత్రమే పరిమితమైనది కాదు. మన పెండ్లిలో వధూవరుల నుదుట కట్టే బాసికం బెండుముక్కతోను, జరీ కాగితంతోను, పూసలతోను చేసిన చిన్న శిరోభూషణమే. ఉత్తరాది వరుని ముఖాన వేలాడే సెహ్రా చాందినీచౌకులోని కినారీ బజారులో వరుసలు వరుసలుగా దొరుకుతుంది. వంగదేశంలో పెండ్లికొడుకు పెట్టుకొనే టోపరు శోలా అనే నీటిమొక్క బెండుతో చేస్తారు. మన జీలుగుబెండు వంటిది. ఒడిస్సీ నర్తకి తలపైనున్న తాహియా కూడా ఆ బెండుపూలదే. నడుమ లేచే భాగం పూరీ జగన్నాథుని ఆలయ శిఖరాన్ని తలపిస్తుంది. ఈ బెండు ఎంత తేలికో అంత పెళుసు. పురుషోత్తమ్ ఎక్స్‌ప్రెస్సులో ఒక నాట్యబృందంవారు ఆ పెట్టెలను బెర్తుమీద పడుకోబెట్టి, తాము రాత్రంతా కూర్చొని వచ్చుట నేను చూచినాను. టిక్కెట్టు తనిఖీ చేసే మిత్రుడు ముందు ఆక్షేపించబోయి, మూత తీసి చూచి, ఏమీ అనక వెళ్ళిపోయినాడు.

ఇక మన లక్ష్మీ నగర్ సంగతికి వద్దాం. వికాస్ మార్గ్ మీదినుంచి చూస్తే ఇక్కడ కోచింగు సెంటర్ల బోర్డులు తప్ప మరేమీ కనబడవు. 2010లో మెట్రో వచ్చిన తరువాత అద్దెలు పెరిగినవి, గదులు చిన్నవైనవి. ఆ గదులలోనే, పగటివేళ పిల్లలు బడికి పోయిన తరువాత, మంచం మీద పాతచీర పరచి ఈ పని జరుగుతున్నది. ఠేకేదారు మాలు ఇస్తాడు. గుడ్డ మొగ్గల కట్టలు, శాటిన్ రిబ్బను, బక్రం, జిగురు కడ్డీలు సదర్ బజారునుంచి వస్తవి. నమూనా జడ ఒకటి ఇస్తాడు. ఇంత సంఖ్య, ఈ తేదీకి, జడకు ఇంత అని చెబుతాడు. కాగితం ఉండదు. కుట్టినవి తీసుకొనిపోయి నాట్యదుస్తుల దుకాణాలకు, పెండ్లి అలంకరణవారికి ఇస్తాడు. సూది, కత్తెర, దీపం ఖర్చు, జిగురు కరిగించే కరెంటు ఇంటివారివి. వేడి జిగురు కాలిన మచ్చ లేని వేలు ఈ పనిలో ఉన్నవారికి ఉండదు. అక్కచెల్లెళ్ళు ఒకసారి తమ చేతులు తామే చూచుకొనవలెను.

పని ఏడాది పొడుగునా ఉండదు. ముహూర్తాలు ఉంటే రాత్రి రెండు గంటలదాకా కుట్టు, మూఢం వస్తే నెలల తరబడి ఖాళీ. పంచాంగం ప్రకటించే లే-ఆఫ్ ఇది, నోటీసు కాలం లేదు, పరిహారం లేదు.

ఇప్పుడు గంటల లెక్క. నా భార్య, నేను గడియారం దగ్గర పెట్టుకొని చూచినాము. ఈ బల్లమీది జడ వంటిది మూరన్నర పొడవు, అనగా ఇరువదియేడు అంగుళాలు. అంగుళానికి నాలుగు వరుసల చొప్పున నూట ఎనిమిది వరుసలు. వరుసకు ఎనిమిది మొగ్గలు. మొత్తం 864. ఒక మొగ్గను ఏరి, సూదికి ఎక్కించి, వాలు చూచి బిగించుటకు అలవాటు పడిన చేతికి పది సెకన్లు. అది రెండు గంటల ఇరువదినాలుగు నిమిషాలు. అడుగు గుడ్డ కోసి అంచు మడచి కుట్టుటకు అరగంట. నడుమ చారకు నలుబది నిమిషాలు. రాగిడి, బిళ్ళలు, కుప్పెలు, వెనుక కట్టుదారాలు, ఇవన్నీ యాభై నిమిషాలు. కూడితే సరిగ్గా నాలుగు గంటల ఇరువదినాలుగు నిమిషాలు. మధ్యలో లేచి అన్నం వండిన కాలం ఇందులో లేదు.

ఢిల్లీ ప్రభుత్వం 2025 ఏప్రిల్ 1 నుంచి అమలుచేసిన కనీస వేతనాలలో నైపుణ్యం గల పనివారికి నెలకు 22,411 రూపాయలు. ఇరువదియారు దినాలకు పంచితే రోజుకు 862. ఎనిమిది గంటలకు పంచితే గంటకు నూట ఏడు రూపాయల చిల్లర. ఆ లెక్కన ఈ జడ కూలి 474 రూపాయలు కావలెను. మా వీధిలో ఇస్తున్నది ఇందులో సగానికి చాలా తక్కువ. ఇది నైపుణ్యం గల పనియా కాదా అని ఎవరైనా సందేహిస్తే, వారికి 864 మొగ్గలు, ఒక సూది నేనే ఇస్తాను.

ఇక ఈ జడ కథ. మా వీధిలో ఒక సోదరి ఉన్నారు. భర్త రైల్వేలో పనిచేస్తూ పోయినారు, కుటుంబ పింఛనుతో ఇద్దరు పిల్లలను చదివిస్తున్నారు. ఒక నాట్య కార్యక్రమానికి నలుబది జడలు ఒప్పుకొన్నారు. పదమూడు రోజులు కుట్టి అప్పగించినారు. ఠేకేదారు ఇరువదితొమ్మిది తీసుకొని పదకొండు తిప్పి పంపినాడు. నడుమ చార రంగు మిగతావాటితో కలవలేదన్నాడు. నిజమే, కలవలేదు. కాని ఆ రిబ్బను ఆమె కొన్నది కాదు. మొదటి చుట్ట అయిపోయిన తరువాత అతడే పంపిన రెండవ చుట్ట రంగు వేరు. పదకొండింటికి కూలి ఇవ్వకపోగా, మాలు పాడైనదని దాని ఖరీదును ఇరువదితొమ్మిదింటి కూలిలోనుంచి కోసినాడు. ఆమె నాతో "అన్నయ్యగారూ, పోట్లాడాలని కాదు, లెక్క సరిగా ఉందేమో చూడండి చాలు" అన్నారు.

లెక్క సరిగా లేదు. నలుగురు అక్కచెల్లెళ్ళు, నేను కలిసి అతనివద్దకు పోయినాము. రెండు రిబ్బను ముక్కలను పక్కపక్కన పెట్టి చూపినాము. కోసిన మాలు ఖరీదు తిరిగి ఇచ్చినాడు. పదకొండింటిలో ఆరింటికి కూలి కట్టినాడు. అయిదు మిగిలిపోయినవి. అందులో ఒకటి ఇదిగో, మీ ఎదుట ఉన్నది. మరుసటి నెల ఆమెకు పని ఇవ్వలేదు. ఆమె వాటా పని తాము పుచ్చుకోమని తక్కిన ఇద్దరు రెండు వారాలు నిలబడినారు. మూడవ వారం ఒకరు ఒప్పుకొన్నారు, పిల్ల ఫీజు కట్టవలసి ఉన్నది. ఆమెను నేను నిందించను. సమ్మెలో మూడవ వారం ఎట్లుంటుందో ఈ సభలో పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. ఆ ఠేకేదారు కూడా రాక్షసుడేమీ కాదు. అతనికి దుకాణాలు మూడు నెలలకు గాని డబ్బు ఇవ్వవు. కాని పైనుంచి వచ్చిన ఒత్తిడి అంతా కిందికి జారి, ఆఖరున సూది పట్టిన వేలిమీదనే ఆగుతున్నది.

ఆమె ఉద్యోగి కాదు గదా, ఇంట్లో కూర్చొని ఇష్టమైనప్పుడు కుట్టుకొనే మనిషి గదా, చట్టం ఏమి చేయగలదని మిత్రులు అడిగినారు. ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1973లోనే సమాధానం చెప్పినది. అది మన ఆంధ్రప్రదేశ్ నుంచి పోయిన కేసు. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసని ప్రసిద్ధి. అక్కడి దర్జీలకు కుట్టిన బట్టకు ఇంత అని కూలి. వచ్చే వేళకు కచ్చితమైన నియమం లేదు, అనుమతితో కొన్నిసార్లు బట్ట ఇంటికి తీసుకొనిపోయేవారు, వేరొకరికి కుట్టవచ్చును. అయినప్పటికీ వారు ఉద్యోగులేనని కోర్టు తీర్పు ఇచ్చినది. కుట్టు తన ఆదేశం ప్రకారం లేకుంటే తిరస్కరించి, తిరిగి కుట్టమనే హక్కు యజమానికి ఉన్నది గదా, అది అజమాయిషీ కాక మరేమిటని కోర్టు చూచినది. ఆ కేసులో కుట్టుమిషన్లు దుకాణానివి. మన విషయంలో సూది మనది, గది మనది, ఆ తేడా ఉన్నది. అయినా మన ఠేకేదారు పదకొండు జడలు తిప్పికొట్టిన క్షణంలో తాను ఏ స్థానంలో ఉన్నాడో తానే చూపించుకొన్నాడు.

బీడీ కార్మికుల ఉదాహరణ ఇంకా దగ్గరిది. నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో ఇంటి గడపలో చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టే స్త్రీలను మీరందరూ చూచినారు. 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టం ఇంటివద్ద పనిచేసేవారిని కూడా కార్మికులుగా గుర్తించినది. యజమానులు కోర్టుకెక్కినారు. 1974లో మంగళూరు గణేశ్ బీడీ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టినది. ఆ చట్టం కింద కొన్ని రాష్ట్రాల నిబంధనలు తిరస్కరణకు నూటికి ఐదు అనే హద్దు పెట్టినవి. నలుబదికి రెండు. పదకొండు కాదు.

1948 నాటి కనీస వేతనాల చట్టంలో ఉద్యోగి నిర్వచనంలోనే ఒక వాక్యం ఉండేది. మరొకరి వ్యాపారం నిమిత్తం మరొకరిచ్చిన సామగ్రితో తన ఇంటిలో వస్తువు తయారుచేసేవాడు కూడా ఉద్యోగియే అని దాని సారాంశం. మన జడ కుట్టే అక్కను చూచి వ్రాసినట్లున్నది. మనలో ఎంతమందిమి దానిని చదివినాము? నేను చదివినాను, బిడ్డింగు పరీక్షకు నియమావళి చదివినట్లు చదివి వదలివేసినాను. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చినవి. ఆ చట్టం స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ వచ్చినది. దాని నిర్వచనంలో ఆ వాక్యం లేదు. గృహాధారిత కార్మికులన్న మాట 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో ఉన్నది, బాగానే నిర్వచించినారు. కాని అది సంక్షేమ పథకాలకు దారి చూపే మాటయే గాని కూలి రేటు నిర్ణయించే మాట కాదు. వేతనాల కోడ్‌లో ఒక కిటికీ మిగిలి ఉన్నది. ప్రభుత్వం ఉద్యోగిగా ప్రకటించిన వ్యక్తి కూడా ఉద్యోగియేనని ఆ నిర్వచనం చెబుతున్నది. గృహాధారిత కార్మికులను అట్లు ప్రకటించవలెనని కోరే తీర్మానాన్ని మన శాఖ సిద్ధం చేసినది, అధ్యక్షులవారు నా తరువాత చదువుతారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో గృహశ్రమపై 177వ ఒడంబడికను ఆమోదించినది. ఇంటివద్ద పనిచేసేవారికి ఇతర వేతన కార్మికులతో సమాన వ్యవహారం ఉండవలెనని అందులో ఉన్నది. దానికోసం పోరాడినవారిలో మన దేశపు సేవా సంస్థ స్త్రీలు ముందున్నారు. మన దేశం మాత్రం దానిని ఇంకా ధ్రువీకరించలేదు.

మన ఇండ్లలో ఈ పనిని దాచిపెట్టుటకు ఒక కారణం ఉన్నది. అది బాహాటంగా చెప్పుకొందాం. ప్రభుత్వోద్యోగి కుటుంబ సభ్యులు వ్యాపారం చేస్తే పైవారికి తెలియజేయవలెనని ప్రవర్తనా నియమావళిలో ఉన్నది. తపాలావారికి 1964 నాటి నియమాలు, రైల్వేవారికి 1966 నాటివి. ఎందుకొచ్చిన గొడవ అని భర్తలు భార్యల పనికి కాలక్షేపమని పేరు పెట్టినారు, నేనూ పెట్టినాను. కాని ఒకరిచ్చిన మాలుతో కూలికి కుట్టుట వ్యాపారం కాదని నా దృఢమైన అభిప్రాయం. ఎవరైనా తమ పేరున జడలు చేసి అమ్ముకొంటే, అప్పుడు భర్త ఒక కాగితం వ్రాసి తెలియజేయవలెను. నియమం కోరినది తెలియజేయుటయే. ఆ కాగితం నమూనా కావలసినవారికి నేను వ్రాసి ఇస్తాను. భయపడి దాచినంతకాలం ఆ రహస్యం ఠేకేదారు చేతిలో ఆయుధమవుతుంది. "మీవారి ఆఫీసులో తెలిస్తే బాగుండదేమో" అన్న మాట మా వీధిలో ఒకరు ఇప్పటికే విన్నారు.

ఇక చేయవలసినది చెప్పి ముగిస్తాను. తలుపు పక్కన బల్లమీద నోటు పుస్తకాలు ఉన్నవి. ప్రతి పుటకు గళ్ళు గీసి ఉంచినాము. మాలు పుచ్చుకొన్న తేదీ, ఏమేమి ఇచ్చినారు, రిబ్బను రంగు, ఎన్ని జడలు, ఒప్పుకొన్న రేటు, అప్పగించిన తేదీ, తిప్పి పంపినవి ఎన్ని, ఏ కారణం చేత. రిబ్బను మారినప్పుడల్లా చిన్న ముక్క కత్తిరించి ఆ గడిలో అంటించవలెను. ఇచ్చేవాడు సంతకం పెట్టకపోయినా ఫరవాలేదు, మీరు వ్రాయండి. ఈ-శ్రమ్‌లో ఇంకా నమోదు కానివారు, 16 నుంచి 59 ఏళ్ళ లోపువారు, ఆధార్ తీసుకొని ఆదివారం మా ఇంటికి రండి. మా అబ్బాయి ఆ పని చూస్తాడు. ఎవరైనా ఠేకేదారుకు ఉత్తరం పంపవలసివస్తే రిజిస్టరు చేయించండి అనేవాడిని. 2025లో రిజిస్టర్డు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపివేసినారు, తపాలా మిత్రులకు ఆ బాధ వేరుగా ఉన్నది. స్పీడ్ పోస్టులోనే పంపి రసీదు నోటు పుస్తకంలో పెట్టుకోండి.

మిగిలిన అయిదు జడలలో నాలుగింటిని ఈ రోజు నాట్యం చేయబోతున్న మన పిల్లలు పెట్టుకొంటున్నారు. వాటి కూలి లెక్కకట్టి శాఖ నిధినుంచి ఆ సోదరికి ఇచ్చినాము, జడకు 474 చొప్పున. అయిదవది ఇది. ఎవరి అమ్మాయికైనా కావలసి ఉంటే ఆమె మూడవ వరుసలో కూర్చొని ఉన్నారు. ధర ఆమెతోనే మాట్లాడండి.